కల్లంలో దిగిన అభిషేకం

ఏమన్నావు? "నాయనమ్మా, స్తుతిస్తే జబ్బులు పోతాయా?" అనా? నర్సు ట్రైనింగు చదివే పిల్లవి, నన్నా అడిగేది? సరే, రికార్డు చేస్తానన్న ఆ సెల్లు ఇక్కడ పెట్టు. దూరంగా పెట్టినా నా గొంతు పడుద్దిలే, అది వేరే సంగతి.

చెబుతాను. నాకు తోచినట్టు చెబుతాను, మధ్యలో అడ్డు రాకు.

మన చర్చిలో పాట ఎత్తడం అని ఒకటి ఉండేది. ఇప్పుడంటే కీబోర్డు, మైకు, గోడ మీద అక్షరాలు. అప్పుడు పాటల పుస్తకం అందరికీ ఉండేది కాదు, ఉన్నా సగం మందికి చదువు రాదు. ఒకరు మొదటి చరణం, కాదు కాదు, పల్లవి ఎత్తాలి. మిగతావాళ్ళు వెనక అందుకోవాలి. ఎత్తిన మనిషే ఆ ఆదివారానికి రాణి. ఎత్తేది నేనే. ఏడో తరగతి దాకా చదివినదాన్ని, కోడి కూయకముందే లేచి మోకాళ్ళ మీద ఉండేదాన్ని, జ్వరం వచ్చినా ఆరాధన మానని దాన్ని. నేను గాక ఇంకెవరు ఎత్తుతారు? అట్లా అనుకునేదాన్ని. నవ్వకు.

మీ చిన్న నాయనమ్మ కరుణమ్మ ఉందిగా, నా తోడికోడలు, మీ తాత తమ్ముడి భార్య. దాని గొంతు బాగుంటుంది. ఉన్న మాట చెప్పాలిగా. ఒక క్రిస్మస్ ఆరాధనలో నేను నోరు తెరిచే లోపల అది పాట ఎత్తేసింది. నేను ఊరుకుంటానా? అదే పాట ఇంకా పై శ్రుతిలో ఎత్తాను. అది తగ్గలేదు, నేనూ తగ్గలేదు. సగం చర్చి దాని వెనక, సగం నా వెనక. అయ్యగారు, అంటే మన పాస్టరు గారు, బైబిలు పట్టుకుని నిలబడి ఎవరిది ముందు అయిపోతుందా అని చూస్తున్నారు. బయటికి రాగానే కరుణమ్మ నా మొహం మీదే అంది, "దేవుడేమీ చెవిటివాడు కాదక్కా" అని.

అంతే. నాలుగేళ్ళు మాటల్లేవు. ఒకే వాకిలి, ఒకే చేతిపంపు, ఒకే చర్చి. స్తోత్రాలు మాత్రం ఇద్దరం మానలేదు. లోపల శాంతి సమాధానాల గురించి పాడేవాళ్ళం, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మొహాలు తిప్పుకునేవాళ్ళం.

ఆ తర్వాత దానికి దగ్గు పట్టుకుంది. మిరపకాయల్లో పనిచేసే వాళ్ళ దగ్గు ఎవరు పట్టించుకుంటారు? కల్లంలో కూర్చుని ముచ్చికలు, అదే కాయల తొడిమలు, తీసేవాళ్ళం, తాలుకాయలు ఏరేవాళ్ళం. తాలంటే తెలుసుగా, రంగు పోయి తెల్లబడ్డ కాయ. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తుమ్ములే. అప్పట్లో కూలి ఎంతో చెబితే నువ్వు నమ్మవు, పోనీలే. చివరికి సర్కారు ఆసుపత్రిలో టీబీ అన్నారు. ఆరు నెలలు బిళ్ళలు మానకుండా మింగాలి, మందుకి మూత్రం ఎర్రగా పోతుంది, దానికి భయపడవద్దు అని ముందే చెప్పి పంపించారట. ఇది భయపడింది.

సరిగ్గా అప్పుడు దిగాడు టౌను నుంచి బ్రదర్ గారు. మన అయ్యగారిది సైకిలు. ఈయనది తెల్ల కారు, తెల్ల బూట్లు. మూడు రోజులు స్వస్థత కూటాలు. ఆయన నోట్లో ఎప్పుడూ 'ప్రైజ్ ద లార్డే'. భోజనాల దగ్గర సాంబారు వెయ్యమనడానికీ అదే మాట, చాలనడానికీ అదే మాట. వడ్డించే ఆడవాళ్ళకి ఏది ఏదో తెలియక ఆయన విస్తరి నిండి పక్కవాడి విస్తట్లోకి పారింది.

"స్తుతించండి, మీ రోగం పారిపోతుంది" అనేవాడు. అంటే ఎట్లాగమ్మా? ఎమ్మెల్యే వస్తే మనవాళ్ళు దండలేసి పొగుడుతారు, రోడ్డు వేయిస్తాడని. దేవుణ్ణీ ఆ వరసలో నిలబెట్టాడు. గట్టిగా పొగడండి, పని అవుతుంది! ఇది స్తుతా? కాకా పట్టడం.

చర్చి చాలదని కూటం మిరపకల్లంలో పెట్టారు. రైతు సగం కల్లం ఖాళీ చేసి ఇచ్చాడు, మిగతా సగంలో ఎండిన కాయల రాశి, మీద కప్పిన టార్పాలిన్ పట్టా. ఎండ మండిపోతుంది. బ్రదర్ గారి మనుషులు జనరేటరూ, ఇంత పెద్ద ఫ్యానూ తెచ్చి, సరిగ్గా ఆ రాశికి ఆనించి పెట్టారు. మొదట మా వైపు తిప్పారు. టౌను వాళ్ళకేం తెలుసు? మాకు తెలుసు. పెద్దమనుషులకి మనం చెప్పేదేంటని నోరు మూసుకున్నాం. ఆ తప్పు మాదే.

దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పమని సాక్ష్యాలకి పిలిచాడు. కరుణమ్మ లేచి వెళ్ళి, కొంగులోంచి బిళ్ళల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "ఇక నాకు స్తోత్రమే మందు" అంది. ఆయన పొట్లం పైకెత్తి చూపించి, "ఇదీ విశ్వాసం! చప్పట్లు కొట్టండి!" అన్నాడు. జనం కొట్టారు. నేనూ కొట్టాను, బుజ్జీ. చేతులు ఊరుకోలా.

ఇంతలో పట్టా చెంగు లేచింది. ఘాటు వచ్చి జనం మీద పడింది. కళ్ళల్లో నీళ్ళు, ముక్కుల్లో నీళ్ళు, ముసలివాళ్ళు దగ్గి దగ్గి నేల మీదకి వాలుతున్నారు. బ్రదర్ గారు ఆనందం పట్టలేకపోయాడు. "చూడండి, పరిశుద్ధాత్మ అభిషేకం దిగింది! ఏడవండి! పాపమంతా కారిపోనివ్వండి!" పాపం కారడమేంటి నాయనా, అది మిరప! మా ఊళ్ళో ఏటేటా దిగే అభిషేకమే.

కరుణమ్మ బల్ల పక్కనే దగ్గుతా వంగిపోయింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తీస్తే ఎర్రగా ఉంది. ఆయన చూశాడు. చూసి కూడా, "రోగం బయటికొస్తుంది, స్తుతించండి!" అన్నాడు. అని చెమట తుడుచుకుని, "ఫ్యాను ఇటు తిప్పు బ్రదర్" అన్నాడు. తిప్పారు. "హల్లె..." అన్నాడు. "హల్లె... హల్లె... హాఛ్!" మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అదే. ఆ రోజు ఆ 'లూయ' మాత్రం బయటికి రాలా. కళ్ళు తెరవలేని ఆయన్ని ఆయన మనుషులే కారు దగ్గరికి పరిగెత్తించారు.

జనం నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలా. వెళ్ళి ఆ పొట్లం తీసుకున్నాను, కరుణమ్మని చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాను. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి ముట్టుకోవడం. చెయ్యి పుల్లలా ఉంది.

బిళ్ళ మింగమంటే మింగదు. "మింగితే అవిశ్వాసమట అక్కా."

"మింగకపోతే చస్తావే. స్తోత్రం చెప్పి మింగు. బిళ్ళ చేసినవాడికి తెలివి ఎవరిచ్చారు?"

గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు పూటలు బతిమాలాను. నాకు బతిమాలడం రాదు, కోప్పడ్డం వచ్చు. మూడో పూట ఇటు తిరిగింది. "నేను పాట ఎత్తితే నువ్వు నా వెనక పాడతావా?"

చచ్చే మనిషి అడిగే మాటేనా అది? ఒళ్ళు మండింది నాకు. గ్లాసు కింద పెట్టి లేచాను కూడా. గుమ్మం దాకా వెళ్ళి... సరేలే.

"ఎత్తు" అన్నాను.

ఎత్తింది. ఏం గొంతు అది, గరగరా, సగం దగ్గు. చేతనైతే అక్కణ్ణుంచి లాక్కుని నేను ఎత్తేసేదాన్నే. పళ్ళు బిగించి దాని వెనకే పాడాను. పాట కాగానే బిళ్ళ మింగింది. ఆరు నెలలు అట్లాగే నడిచింది, పొద్దున్నే దాని మంచం పక్కన. మొదట్లో నేను పాడుతున్నది దాని చేత బిళ్ళ మింగించడానికి. తర్వాత తర్వాత, ఏమో... ఆ పాటలన్నీ ముప్పై ఏళ్ళుగా నేను ఎత్తినవే, మాటలు మాత్రం అప్పుడు వినబడ్డాయి. ఎత్తే హడావుడిలో నేను ఎప్పుడూ విన్లేదమ్మా. నువ్వు గొప్పవాడివి అని దేవుడితో అన్నాక, నేను గొప్పదాన్ని కాదని కూడా ఒప్పుకోవాలిగా. ఆ రెండో ముక్క మింగడం ఆ బిళ్ళకన్నా కష్టం.

టీబీ తగ్గించింది బిళ్ళలే. పరీక్షలో అట్లాగే రాసుకో, ఇంకోటి రాస్తే నేనే కొడతాను. స్తోత్రంతో తగ్గిన నా జబ్బు పేరు మాత్రం మీ పుస్తకాల్లో ఉండదు.

అదుగో, వాకిట్లో కరుణమ్మ చెప్పుల చప్పుడు. అదే. సాయంత్రం పాటకి ఠంచనుగా వస్తుంది, ఇప్పటికీ అదే ఎత్తుతుంది. చల్లగా ఉండు తల్లీ, నీ చేత్తో బిళ్ళ ఇచ్చిన ప్రతి మనిషీ లేచి తిరగాలి. ఇక ఆ సెల్లు కట్టెయ్. నేను దాని వెనక పాడేది ఎవరికీ వినిపించకు... ఆఁ, వస్తున్నానే, ఎత్తు...