చౌడక్క చీర ఆరేలోగా

మద్దిలేటికి మీసమంటే ప్రాణం. మనిషికి అరవై దాటినా మీసం మాత్రం ముప్పైలోనే ఆగిపోయిందంట. రెండు పక్కలా మెలేసి పైకి లేపితే, ఆ కొనలు కండ్లలో పొడుచుకుంటాయేమోనని చూసేవాళ్లకు భయం. అట్లాంటి మీసాన్ని టీవీ మీద పందెం కాసినాడంటే నమ్ముతారా? కాసినాడు. అదీ పూర్తి మీసం కాదు, సగం మీసం. పూర్తిగా పోతే సరేలే, మళ్లీ మొలుస్తుందనుకోవచ్చు. సగం పోతే ఊర్లో ఎట్లా తిరుగుతాడు, మీరే చెప్పండి.

ఏమైందంటే, ఈ మద్దిలేటి చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, ఇరవై మందిని గుండ్రంగా నిలబెట్టి అడుగు వేయించినాడంటే దుమ్ము మోకాళ్ల దాకా లేచేది. ఒకసారి జాతరలో ఎవరో ఆఫీసరు చూసినాడంట, బాగుందన్నాడంట, పట్నం పిలిపించినాడంట, పెద్ద పెద్ద దీపాల కింద ఆడించి, ఇది టీవీలో వేస్తాం, ఎప్పుడేసేదీ కార్డు రాస్తాం పోండి అన్నాడంట. మద్దిలేటి ఊరికి తిరిగొచ్చినాడు గానీ నేల మీద నడిస్తేనా! ఆ ఏడు పండిన వేరుశెనక్కాయలన్నీ అమ్మకానికి తోలి, కొత్త ఎద్దులబండి కొనుక్కొస్తానని పెండ్లానికి చెప్పి టౌనుకు పోయినాడు. పెండ్లాం ఓబుళమ్మ బండికి దిష్టి తీయాలని హారతిపళ్లెం పట్టుకోని వాకిట్లో నిలబడి ఉంటే, మొగుడు పాతబండి మీదనే వచ్చినాడు, బండి మీద ఒక చెక్కపెట్టె. దానికి నాలుగు కాళ్లు, ముందర పక్కకు జరిపే తలుపులు, తాళంచెవి. ఆమె దాని చుట్టూ తిరిగి చూసి, ఇదేంది, దీనికి చక్రాలు యాడుండాయి అనింది. చక్రాలు లేవే పిచ్చిదానా, నేను దీంట్లో పడతా, నేను పడేది నేను ఇంకొకరి ఇంటికి పోయి చూడాల్నా అన్నాడు. ఇంకేం చేస్తుంది? ఆ హారతి పెట్టెకే ఇచ్చింది.

అప్పటి టీవీ అంటే మీకు తెలీదులే, దాని మర్యాద వేరు. ఓబుళమ్మ దాని తలుపులకు పసుపు రాసి కుంకుమ పెట్టేది. చూసేదానికి వచ్చినోళ్లు చెప్పులు గడప బయట విడిచేవాళ్లు. వార్తలు చదివే ఆమె నమస్కారం అంటే ముందు వరసలో ఆడోళ్లు తిరిగి నమస్కారం పెట్టేవాళ్లు, పెట్టకపోతే ఏమనుకుంటుందోనని. అంతా బాగుంది గానీ, బొమ్మ వస్తే గదా! జల్లెడ పట్టేటప్పుడు పిండి రాలినట్టు తెల్లచుక్కలే రాలేవి. మద్దిలేటి మిద్దెక్కి వెదురుగడకు కట్టిన ఏంటినా తిప్పేవాడు. పైనుంచి, వస్తాందా? అంటే, కింద నుంచి ఓబుళమ్మ, రాలా! ఇప్పుడు? తలకాయ వచ్చింది, మొండెం రాలా! ఇప్పుడు? ఇద్దరొచ్చినారు, కానీ ఇద్దరూ ఒకడే! ఇప్పుడు? వచ్చె, వచ్చె, కదలొద్దు, ఆడనే ఉండు! అట్లా ఊరంతా కింద సినిమా చూస్తే, టీవీ కొన్నోడు మిద్దె మీద గడ పట్టుకోని ఆకాశం చూసేవాడంట.

కొన్నాళ్లకు ఓబుళమ్మ ఒకటి కనిపెట్టింది. ఆమె చదువుకోలేదు గానీ చూపు కత్తి. చూడు, నువ్వు గడ తిప్పినందుకు కాదు బొమ్మొచ్చేది, మీ అక్క తడిబట్టలు ఆరేసినప్పుడే వస్తాంది అనింది. నోర్ముయ్ అన్నాడు మద్దిలేటి. కానీ చూస్తే నిజమే. పక్కిల్లు వాళ్లక్క చౌడమ్మది, ఊరంతటికీ చౌడక్క. రెండిండ్లకూ నడుమ ఒకటే గోడ. చౌడక్క పెరట్లో యాపచెట్టుకు కట్టిన బట్టలతీగ రెండో కొన ఆ గోడకున్న మేకుకు ముడేసి ఉంటుంది, ఆ మేకుకే మద్దిలేటి ఏంటినా గడ కట్టినాడు. ఎట్లా కలిసిందో ఏమో, తీగ మీద తడిచీర పడిందంటే పెట్టెలో బొమ్మ కడిగిన ముత్యం. చీర ఆరేకొద్దీ సినిమాలో హీరో పలచబడతా వచ్చేవాడు. పూర్తిగా ఆరిందా, హీరో లేడు, హీరోయిను లేదు, జల్లెడే. ఇంకో తిరకాసేమంటే, దీపం పెట్టినాక తడిగుడ్డ బయట ఉండకూడదని చౌడక్కకు వాళ్లమ్మ చెప్పిన మాట. ఆదివారం సినిమా ముగింపుకొస్తాంది అనంగా పొద్దుగుంకేది, ఆమె వచ్చి బట్టలు తీసేది, గోడకవతల ఊరు ఊరంతా అయ్యో అని ఒక్క అరుపు. అట్లా ఆ ఊర్లో ఒక్కరికీ ఒక్క సినిమా ముగింపు తెలీదు! సోమవారం పొద్దున టీకొట్టు కాడ ఎవరికి తోచిన ముగింపు వాళ్లు చెప్పుకునేవాళ్లు. ఒకడు విలన్ను చంపితే, ఇంకొకడు పాపం పిల్లలుగలోడని వాణ్ణి జైలుకు పంపేవాడు.

మరి పోయి, అక్కా, ఇంకాసేపు ఉంచు అని ఒక మాట అడగొచ్చు గదా అంటారు. అదే గదా కథ! అక్కాతమ్ముళ్లకు తొమ్మిదేండ్లుగా మాటల్లేవు. చౌడక్క కూతురి పెండ్లిలో మేనమామను, అంటే మద్దిలేటిని, భోజనాల కాడ రెండో బంతిలో కూర్చోబెట్టినారంట. మేనమామకు మొదటి బంతిలో పీట వెయ్యాల్నా, వద్దా? పైగా విస్తట్లో నెయ్యి మరిచిపోయినారంట. తినీ తినకనే లేచొచ్చినాడు. ఆ రోజు మూసిన నోరు గోడకవతలికి తెరవలా. అసలీయనకు అడుగు నేర్పిందెవరు? ఆ అక్కే. వాళ్ల నాయన కూడా గురువే. చిన్నప్పుడు మద్దిలేటికి ఆరో అడుగు కాడ కాలు తడబడేదంట. ఆడపిల్లని జట్టులోకి రానీయలేదు గానీ, చౌడక్క రోట్లో పిండి దంచుతా, రోకలి దెబ్బకు లెక్కగట్టి తమ్మునికి ఆ అడుగు చెప్పేది. అట్లాంటి అక్క. అయినా నెయ్యి నెయ్యే అన్నాడు ఈయన.

ఇంతలో పట్నం నుంచి కార్డొచ్చింది. వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు మీ చెక్కభజన వస్తుంది, చూసుకోండి అని. మద్దిలేటి ఆ కార్డును జేబులో పెట్టుకోని ఊరంతా తిరిగినాడు. టీకొట్టు సుంకన్న ఉండాడే, నోటి దురద మనిషి, వాడు గ్లాసు కడుగుతా అన్నాడంట, మామా, పట్నంలో నువ్వు దీపాల కింద ఆడింది నిజమే, అది టీవీ వాళ్లదో పెట్రోమాక్సు లైట్లు అమ్మేటోళ్లదో ఎవరికి తెలుసు అని. జనం పగలబడి నవ్వినారు. మద్దిలేటికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒరే సుంకా, శుక్రవారం నా ఇంట్లో, నా పెట్టెలో, నా మొగం నలుగురికీ కనపడకపోతే, సగం మీసం ఆడనే గొరిగించుకుంటా అన్నాడు. ఏ పక్క? అన్నాడు సుంకన్న. నీకిష్టమొచ్చిన పక్క! అని ఇంటికొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది పాపం, ఆరున్నర అంటే దీపాలు పెట్టే వేళ. అక్క బట్టలు తీసేసి ఉంటుంది!

ఓబుళమ్మ పోయి అడుగుతానంటే, గడప దాటితే నీకు నాకు చెల్లు అన్నాడు. అడగడు, అడగనీడు. తన పెరట్లో తానే తీగ కట్టినాడు. శుక్రవారం మధ్యాన్నం నుంచి ఓబుళమ్మ చీరలన్నీ తడిపి వేసినాడు, తన పంచెలు వేసినాడు, గోనెసంచులు, గొంగడి. సంగతి తెలిసి ఊరోళ్లు తలా ఒక తడిగుడ్డ తెచ్చినారు. తీగ బరువుకు నేలకు తగుల్తాంది. పెట్టెలో అప్పటిదాకా వ్యవసాయం చెప్పే ఆయన చెవి ఒకటి కనపడతా ఉన్నింది, అదీ పోయింది. ఎద్దు ఒకటే మిగిలింది మామా, దాన్నీ తడిపి కట్టేయి అన్నాడు సుంకన్న. ముందు వరసలో క్షౌరాల తిమ్మప్ప తన కత్తులపెట్టె ఒళ్లో పెట్టుకోని కూర్చోనుండాడు. నాకేం తొందరలేదు మామా, కత్తి పదునుంది, నిమ్మళంగా చూద్దాం అంటాండాడు.

ఆరున్నరయింది. పెట్టెలోంచి ఆడగొంతు, ఇప్పుడు చెక్కభజన అనింది. అనంగానే చెక్కలు మోగినాయి, గజ్జెలు మోగినాయి, తప్పెట మోగింది. బొమ్మ మాత్రం జల్లెడ! మద్దిలేటి ఎగిరి గంతేసి, అదిగో, అవి నా చెక్కలే, నా గజ్జెలే! అన్నాడు. సుంకన్న, మోత ఎవరిదైనా మోతే మామా, చెక్కల మీద నీ పేరేమన్నా వినపడతాందా, మొగం చూపీ అన్నాడు. తిమ్మప్ప కత్తి తెరిచి తోలు మీద అటూ ఇటూ రుద్దుతాండాడు. అప్పుడు ఓబుళమ్మ మొగుని చెయ్యి పట్టుకోని మూలకు లాగి అనింది, పిచ్చి మనిషీ, మీ అక్కకు ఉండేది మూడు చీరలు. ఆదివారం సినిమా అంతసేపూ తీగ మీద తడిచీర ఎట్లా ఉంటాందనుకున్నావు? ఆరింది ఆరినట్టు మళ్లీ తడిపి వేస్తాంది. నేను గోడమీంచి నా కండ్లతో చూసినా. నువ్వు చూస్తాండావని చేస్తాంది, అర్థమైందా?

మద్దిలేటి ఏం చేసినాడు? గోడెక్కినాడు. అవతల చౌడక్క తులసి కాడ దీపం పెట్టి లేస్తాంది. అక్కా, అన్నాడు. తొమ్మిదేండ్లకు ఒక్క మాట. ఆమె తలెత్తలేదు. ఎవరది? నేనే. నేనే అంటే, పేరు లేదా? మద్దిలేటిని. ఏ మద్దిలేటి, రెండో బంతి మద్దిలేటా? అవునే, ఆ మద్దిలేటినే, నా మీసం పోతాందక్కా! పోనీలే, మీసం పోతే మొలుస్తుంది, తొమ్మిదేండ్లు పోతే మొలుస్తాయారా? అయినా మొదటి బంతికి పీటేసి పిలిస్తే వచ్చినావా నువ్వు, పెండ్లికొడుకు ముందర చెక్కలు పట్టుకోని ఎగురుతా ఉంటివి, ఎవరన్నా విస్తరి పట్టుకోని నీ వెనకాల పరిగెత్తాల్నా? గోడకివతల చెక్కలు మోగుతానే ఉండాయి. చీర ఒకటి వెయ్యక్కా అన్నాడు. వెయ్యను, దీపం పెట్టినాక తీగ మీద తడిగుడ్డ వెయ్యకూడదని అమ్మ చెప్పింది, నేను అమ్మ మాట తప్పను అనింది. మద్దిలేటి మొగం మాడిపోయింది. చౌడక్క ఆ మొగం చూసింది, చూసి, గుడ్డ వెయ్యొద్దని చెప్పింది గానీ మనిషి తడవొద్దని చెప్పలేదులే అనింది. తొట్టి కాడికి పోయింది, నిండుబిందె ఎత్తి నెత్తిన కుమ్మరించుకుంది, తీగ కాడికొచ్చి రెండు చేతులా పట్టుకోని నిలబడింది. అరవై అయిదేండ్ల మనిషి!

లోపల ఊరంతా ఒక్కసారి, వచ్చె! అని అరిచినారు. ముందు మీసం వచ్చిందంట, తర్వాత మనిషి వచ్చినాడంట. తిమ్మప్ప కత్తి మడిచి తన పెట్టెలో పెట్టుకున్నాడు. మీసం దక్కింది. మామా రా, చూద్దువు రా, ఎట్లుండావో చూడు! అని పిలుస్తాండారు. గోడ మీంచి వంగితే కిటికీలోంచి పెట్టె కనపడతాంది. వంగి చూసినాడు, తన కాలొకటి కనపడింది, గజ్జెతో సహా. ఎంత సంబరం! ఇటు తిరిగి చూస్తే అక్క. నిలువునా తడిసి, కొంగు కొసల నీళ్లు కారతా, కండ్లు మూసుకోని గోడకవతలి మోత వింటాంది. ఆమె తీగ వదిల్తే బొమ్మ పోతుంది, వదలకపోతే ఆమెకు బొమ్మ లేదు. కుడికాలి బొటనవేలు మాత్రం తడినేల మీద దరువేస్తాంది.

మద్దిలేటి గోడ దూకినాడు. ఏ పక్కకనుకున్నారు? అక్క పెరట్లోకి! చెక్కలు ఎప్పుడూ నడుముకే ఉంటాయి గదా, తీసినాడు, పెట్టెలో మోతకు సరిగ్గా కలిపి అడుగందుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. చౌడక్క కండ్లు తెరిచింది. నాలుగు, అయిదు. ఆరో అడుగు కాడ, మీ ఇల్లు బంగారంగాను, కాలు తడబడింది! పట్నంలో పెద్ద దీపాల కింద తడబడనోడు, అక్క ముందర తడబడినాడు. ఒరే ఎద్దుమొద్దూ, ఆరోది కాదురా అట్లా, ఇట్లా! అని చౌడక్క చెప్పాలనుకోని, తీగ వదిలేసి, చీర మోకాళ్ల దాకా ఎత్తి కట్టి, తానే అడుగేసి చూపింది.

లోపల బొమ్మ పుటుక్కున పోయింది. అయ్యో అని ఊరంతా గోడ కాడికి, వాకిలి కాడికి ఉరికింది, అందరూ ఒకేసారి ఉరికి గడపలో ఇరుక్కున్నారు. ఇరుక్కున్నోళ్లు ఇరుక్కున్నట్టే చూస్తాండారు. పెట్టెలో మోత, పెరట్లో ఆట, తడిసిన ముసలామె, మెలితిరిగిన మీసం. బొమ్మ పోయిందని ఒక్కడన్నా బాధపడితే ఒట్టు. సుంకన్న ఒక్కడే, సగమే కనపడినాడు గాబట్టి పావు మీసమన్నా తీయాల అన్నాడంట. తిమ్మప్ప వాని పిలక పట్టుకోని, ముందు నీది తీస్తా రా అన్నాడంట.

ఆట అయినాక చౌడక్క చీర మార్చుకోనొచ్చి, పెరట్లో ఒకే ఒక పీట వేసి, విస్తరి పరిచి, ముద్ద పెట్టి, ముద్ద మునిగేదాకా నెయ్యి పోసింది. కూర్చో, ఇదే మొదటి బంతి, నువ్వొక్కడివే ఉండావు, తిను అనింది. తిన్నాడు. మీసం నెయ్యంటుకోని దీపం వెలుగుకు మెరుస్తాందంట.

టీవీలో తనను తాను మద్దిలేటి మళ్లీ ఎన్నడూ చూడలా, ఒక కాలు తప్ప. అడిగితే, ఆ కాలు బాగుందిరా అనేవాడు. చౌడక్క ఆ ఆదివారం నుంచి ముందు వరసలో పీట మీద కూర్చోని సినిమా చూసేది. దీపం పెట్టినాక తీగ ఎవరు పట్టుకోవాలని పంచాయితీ వచ్చింది. సుంకన్నకు తడిగోనె కప్పి నిలబెట్టినారు. పావు మీసం అడిగినోనికి అంతమాత్రం ఉండాలిలే. ఊరందరికీ ముగింపులు తెలిసినాయి, వాడొక్కనికే తెలీలా. ఇప్పుడు గోడకు అతికించే టీవీలొచ్చినాయి, గడ లేదు, తీగ లేదు, బొమ్మ కదలదు మెదలదు. నేను చెప్పింది అబద్ధమనిపిస్తే పోయి సుంకన్ననే అడగండి. అప్పటి సినిమా ఏది చెప్పమన్నా మొదలు గడగడా చెప్తాడు, ముగింపు అడిగితే మాత్రం చెయ్యి పైకెత్తి తీగ పట్టుకున్నట్టు నిలబడతాడు.