గట్టిపడని డొప్పలు

పాస్టరు గారికి, పెద్దలకు, పనులు మానుకొని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన అక్కలకు, అన్నలకు వందనాలు. దానమ్మ పెద్దత్త పోయిన దుఃఖంలో మనమంతా ఒకచోట కూర్చున్నాము. ఇంతమందిని చూసి ఉంటే, అందరికీ మంచినీళ్లు అందినాయా అని ముందు ఆమే లేచేది.

నేను బ్లెస్సీని. మా ఆయన ఫిన్నీ మీకు తెలుసు. దానమ్మ మా అత్తకు సొంత అక్క. నలుగురిలో మాట్లాడటం నాకు ఇదే మొదలు. అయినా ఈరోజే మాట్లాడాలి. ఎందుకంటే రేపు పొద్దున సముద్రం పనికి మనల్ని తోలుకుపోయే మేస్త్రి సంజీవరావు వ్యాను మన వీధిలోకి వస్తుంది. పెద్దత్త చేసే పనిలో ఇక నన్ను పెడతానని, మా ఆయనను కూడా మళ్లీ రమ్మని కబురు పంపినాడు.

మనం సముద్రం ఒడ్డుకు పనికి ఎందుకు పోయినాము? కంది ఎండింది. బోరు ఎండింది. సముద్రం మాత్రం ఎండదు కదా అనుకున్నాము. నీళ్లు లేని ఊరివాళ్లం. నీళ్లు కనబడితే చాలు, అన్నీ ఉన్నట్టే అనుకున్నాము. అంత నీళ్లకు ఏమవుతుంది అనుకున్నాము. అక్కడే మోసపోయినాము.

ఒంగోలు అవతల ఆ ఎండ్రకాయల షెడ్డు, అదే పీతలు పెంచే షెడ్డు, మీలో కొందరు చూడలేదు. ఎండ్రకాయ పెరగాలంటే పాత డొప్ప విడవాలి. విడిచిన కొత్తలో ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. అట్లాంటివాటిని పెట్టెల్లో ఉంచి, మేత వేసి, డొప్ప గట్టిపడినాక కాళ్లు తాడుతో కట్టి అమ్ముతారు. గట్టిపడిందో లేదో కడుపు వైపు బొటనవేలితో నొక్కి చూడాలి. అది పెద్దత్త పని.

ఆమె ఊరికే నొక్కేది కాదు. వాటిని పలకరించేది. "ఏంది మామా, కొత్తల్లుడి లెక్క తిని కూర్చున్నావు, ఇంకా ఒళ్లు గట్టిపడలేదా" అనేది. సంజీవరావు విని, "ఎండ్రకాయతో మాటలేంది దానమ్మా" అంటే, "నీతో మాట్లాడితే మేత ఖర్చు గురించే చెప్తావు. ఇదైతే నా మాట వింటాది" అనేది. షెడ్డంతా నవ్వేది.

పోయిన వానలు వెనకబట్టినాక ఆ నవ్వు తగ్గింది. డొప్పలు గట్టిపడటం ఆలస్యమైంది. వేసిన మేత వేసినట్టే ఉండేది. ముందర చేప ముక్క పడినా వాసన తగలనట్టు కదలకుండా ఉండేవి. పిల్ల ఎండ్రకాయలు చచ్చి తేలినాయి. ఒకరోజు పెద్దత్త వేలును ఒక ఎండ్రకాయ పట్టుకుంది. ఆమె చెయ్యి లాక్కోలేదు. చాలాసేపు దానినే చూసి, "కరిచే సత్తువ కూడా లేదమ్మాయ్ దీనికి" అంది. ఆ మాటకు ఎవరమూ నవ్వలేదు.

చేపల కాలేజీ నుంచి ఉమ అనే అమ్మాయి నీళ్లు పరీక్ష చేయడానికి వచ్చింది. ఆ అమ్మాయి మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. లారీల పొగ, ఫ్యాక్టరీల పొగ, బొగ్గు కాల్చే పొగ, అన్నిటిలో ఉండే బొగ్గుపులుసు గాలిని సముద్రం తాగుతుందట. తాగే కొద్దీ నీళ్లలో పులుపు గుణం పెరుగుతుందట. అది మన నాలుకకు తెలియదు. ఎండ్రకాయ నెత్తురుకు తెలుస్తుంది. ఆ పులుపును మొప్పలతో బయటికి తోసుకోవడానికే దాని బలమంతా ఖర్చవుతుంది. ఇక పెరగడానికి బలమేది? డొప్ప గట్టిపడటానికి బలమేది? ఈ షెడ్డులో తప్పు సముద్రానిదో, పెట్టెల అడుగున కుళ్లిన మేతదో, వాన నీళ్లదో తాను ఖాయంగా చెప్పలేనని కూడా ఆ అమ్మాయి అంది. కానీ సముద్రం మారుతున్నది మాత్రం నిజమని అంది.

అందరూ ఆ అమ్మాయి సీసాలో పట్టిన నీళ్ల వైపు చూసి, తేటగానే ఉన్నాయి కదా అన్నారు. అప్పుడు పెద్దత్త అన్న మాట ఇది. "మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు కూడా తేటగానే ఉండేవమ్మా. అవి తాగే నా నడుము కర్రయిపోయింది. మా నీళ్లు మా ఎముకలను బిగదీసినాయి. ఈ నీళ్లు వీటి డొప్పలను మెత్తబరుస్తా ఉన్నాయి. తేటగా ఉన్న నీళ్లు చెడ్డవంటే ఎవరూ నమ్మరు. మమ్మల్నీ నమ్మలేదు."

అక్కలారా, ఆ వంగని నడుమే ఆమె ప్రాణం తీసింది. షెడ్డులోవి చచ్చేకొద్దీ కొత్త ఎండ్రకాయలు కావాలన్నారు. ఒడ్డు దగ్గర దొరకలేదు. బురదలో ఇంకొంచెం లోపలికి పొమ్మన్నారు. మరుసటి రోజు ఇంకొంచెం అన్నారు. బుట్ట పట్టుకోవడానికి పెద్దత్త వెంట పోయింది. పోటు నీళ్లు వెనక నుంచి వచ్చినాయి. అందరూ పరుగెత్తినారు. ఆ కర్ర నడుముతో ఆమె బురదలో నుంచి కాళ్లు పీక్కోలేకపోయింది. మా ఆయన తాడు విసిరినాడు. అందలేదు. ఆ బుట్ట తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులో మిగిలిన ఎండ్రకాయలను నేను నొక్కి చూసినాను. అన్నీ మెత్తవే.

ఆ పొగ ఆగలేదు. సముద్రం తాగడం ఆగలేదు. ఎండ్రకాయలు ఇంకా దూరం పోతాయి. వాటి వెనక మనల్ని ఇంకా లోపలికి పంపుతారు. ఎంత లోపలికి? మనలో ఎంతమంది తిరిగొస్తే చాలు వాళ్లకు?

రేపు వ్యాను ఎక్కేవాళ్లను ఆపే శక్తి నాకు లేదు. పొయ్యి వెలగాలి, నాకూ తెలుసు. నేను మాత్రం ఎక్కను. మా ఆయనను కూడా ఎక్కవద్దని ఇంట్లో అడిగినాను. "చూద్దాంలే" అన్నాడు. ఇప్పుడు మీ అందరి ముందర అడుగుతున్నాను.

దానమ్మ పెద్దత్త కోసం అందరూ లేచి నిలబడండి. కాసేపు ఎవరూ మాట్లాడవద్దు. పిల్లలను కూడా పక్కకు తీసుకొని నిలబడండి.

ఏమయ్యా, నువ్వూ లే. తల దించుకొని ఆలోచించు. మౌనం అయిపోయినాక వ్యాను ఎక్కుతావో ఎక్కవో ఇక్కడే చెప్పు.