సగం కథ చుట్టిన రొట్టె

కైరోలో, షుబ్రా వీధి వంటింట్లో, నానమ్మ మనవరాలి డబ్బా మూత తీసింది. చిక్కుడు గింజల ముద్ద కూరిన రొట్టె పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది.

“మళ్ళీ తినలేదేమే?”

“అందరూ చిప్స్ ప్యాకెట్లు తెచ్చుకుంటారు నానమ్మా. నా డబ్బా తీస్తే చాలు, పక్కన కూర్చునే జుమానా ముక్కు మూసుకుంటుంది.”

“మా బడిలో అందరి దగ్గరా ఇదే వాసన. రొట్టెల బండివాడు పాత పేపరు చింపి చుట్టిచ్చేవాడు. తింటూ అందులో సీరియల్ చదివేదాన్ని.”

“ఏం కథ?”

“నగల వర్తకుణ్ణి ఎవరో చంపేశారు. ఎవరో చెప్పేలోపు కాగితం అయిపోయింది. మిగతా సగం మా క్లాసులో ఇన్సాఫ్ రొట్టెకి చుట్టాడు. నాతో మాటల్లేని ఇన్సాఫ్‌కి!”

“మరేం చేశావ్?”

“నా గుడ్డులో సగమిచ్చి బతిమాలాను. తీరా చూస్తే హంతకుడి పేరు మీదే నూనె మరక.”

“అయితే ఎవరో తెలీదా?”

“ఎక్కడ తెలిసింది? హంతకుడెవరని నేనూ ఇన్సాఫూ ఇవాళ్టికీ ఫోన్లో పోట్లాడుకుంటూనే ఉన్నాం.”

మనవరాలు డబ్బా మూత మళ్ళీ పెట్టింది.

“రేపు రెండు రొట్టెలు పెట్టు. ఒకే కథని సగానికి చింపి, దానికో సగం దీనికో సగం చుట్టు.”

“ఒకటే తినవు, రెండెందుకే?”

“రెండోది జుమానాకి. ముక్కు మూసుకునైనా చదవక చస్తుందా?”