మధ్యలో డీలియా

1920. ఐర్లండ్‌లో ఒక చిన్న ఊరు. ఇంగ్లీషు ప్రభుత్వం తరఫున పనిచేసే పోలీసులకు గానీ, వాళ్ల ఇంటివాళ్లకు గానీ ఎవరూ ఏమీ అమ్మకూడదు, వాళ్లతో మాట్లాడకూడదు అని ఊరి కట్టుబాటు. హనోరా కొట్టులో ఆమె, పక్కింటి డీలియా ఉన్నారు. పోలీసు భార్య విన్నీ అప్పుడే లోపలికి వచ్చింది.

"డీలియా, తలుపు చప్పుడైంది. నాకైతే ఎవరూ కనబడ్డం లేదు. నీకేమైనా కనబడుతున్నారా?"

"పోలీసాయన పెళ్లాం విన్నీ, వదినా."

"ఓహో, రాజుగారి చుట్టాలా! మా కొట్టు సరుకు వాళ్ల గొంతు దిగదని చెప్పు."

"విన్నావుగా విన్నీ? ఇక నడు."

"సరుకులకి రాలేదు పిన్నీ. మీతో ఒక్క మాట చెప్పి పోతాను."

"ఏదో ఈగ రొద పెడుతోందే డీలియా. ఏమంటోంది?"

"ఉప్పు కావాలంటోంది వదినా."

"నేనెప్పుడు ఉప్పడిగాను? పిన్నీ, ఈవిణ్ణి కాసేపు బయటికి పంపండి."

"చూశావా! నిన్ను గెంటెయ్యాలిట! దేశం ఏలింది చాలక నా కొట్టు కూడా ఏలుతారు కాబోలు."

"నేనెందుకు పోతాను వదినా? కట్టుబాటంటే కట్టుబాటే."

"అదీ మాట! నీలాంటివాళ్లు పదిమందుంటే ఇంగ్లీషువాళ్లు ఈపాటికి ఓడెక్కేవాళ్లు."

"పిన్నీ, టైం లేదు. మీ కోర్మాక్ గురించి..."

"మావాడి పేరు ఆ నోట రాకూడదని చెప్పవే! దాని మొగుడి తుపాకీకి భయపడే కదా, ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ నా కన్నకొడుకు కొంపా గోడూ లేకుండా తిరుగుతున్నాడు!"

"ఎందుకొచ్చిన గొడవ విన్నీ, వెళ్లు. తర్వాత నేనే వచ్చి కనుక్కుంటాలే."

"మీరంతా నా బిడ్డకి చుక్క పాలు పొయ్యనప్పుడు, మా పెరటి గుమ్మంలో పాలు పెట్టి పోయింది మీ కోర్మాకే పిన్నీ. అందుకే వచ్చాను."

"భేష్! తల్లేమో ఇక్కడ కట్టుబాటు, కొడుకేమో అక్కడ పాలవాడు! ఇంటికి రానీ, వీపు చీరేస్తాను."

"వస్తే కదా! పాత పిండిమర అటక మీద ఉన్నాడని ఠాణాలో తెలిసిపోయింది. దొరికితే అక్కడే కాల్చేస్తారట, మా ఆయన చెవులారా విన్నాడు. సిపాయిల లారీ చక్రం విరిగి వంతెన దగ్గర ఆగింది. అది బాగయ్యేదాకానే వ్యవధి."

"అటకా...? డీలియా, అడుగు. ఠాణాలో చెప్పిందెవరో అడుగు."

"పోలీసు పెళ్లాం మాటలు నమ్ముతావా వదినా? అన్నీ అబద్ధాలు."

"అబద్ధమైతే అటక సంగతి దానికెలా తెలుసే? అడుగు!"

"ఏమో... ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది..."

"అందరికీనా? నాకు తెలుసు. రోజూ వాడికి రొట్టె పట్టుకెళ్లే నీకు తెలుసు. మూడో మనిషెవరే?"

"పొయ్యి మీద బంగాళదుంపలు పెట్టొచ్చాను వదినా, మాడిపోతాయి. నే వెళ్తా."

"అందుకే పిన్నీ, ఈవిణ్ణి బయటికి పంపమన్నాను."

"మొన్న నీ కొడుకుని జైల్లోంచి ఊరికే వదిలేస్తే మేరీమాత దయ అనుకున్నానే! గుడికెళ్లి కొవ్వొత్తి కూడా వెలిగించానే!"

"వాణ్ణి ఉరితీస్తామన్నారు వదినా... ఒక్క మాట చెబితే చాలన్నారు..."

"విన్నీ! ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడమ్మా. నేను పిండిమరకి పోతున్నా. కొట్టు నువ్వు చూసుకో, దీన్ని మాత్రం గడప దాటనివ్వకు."