ఖాన్‌కి ఇచ్చిన మాట

లండన్, 1889, మార్చి నెల. మధ్య ఆసియాలో ఒక చిన్న రాజ్యాన్నేలిన ఖాన్ దర్బారులో బ్రిటిష్ రాయబారిగా పనిచేసి, వెనక్కి వచ్చిన చిన్న కొడుకు ఆంబ్రోస్‌ను చూడడానికి మంత్రి లార్డ్ థార్న్‌మియర్ అతని గదులకు వచ్చారు.

“కూర్చోండి నాన్నగారూ. మీరు ఈ మెట్లెక్కి రావడం ఇదే మొదటిసారి.”

“గది ఇంత చల్లగా ఉందేమిటి? బొగ్గు వెయ్యమను.”

“వేయిస్తాను. చెప్పండి.”

“ఏం లేదు, ఊరికే చూసిపోదామని. బాగా చిక్కిపోయావు.”

“రేపు పార్లమెంటులో ఖాన్ సంగతి అడుగుతారట కదా.”

“అడుగుతారు. వాళ్లకి ఇంకేం పని? మీ తాతగారు వియన్నాలో ఉన్నప్పుడు కూడా ఇలాగే ఒకసారి...”

“తాతగారి సంగతి తర్వాత. ఏమడుగుతారు?”

“మన సైన్యం వస్తుందని ఖాన్‌కి మాట ఇచ్చిందెవరు అని.”

“ఇచ్చింది నేను. ఇమ్మంది మీరు.”

“అలా అని ఎక్కడైనా రాసి ఉందా?”

“ఉండదు. వేటకి వెళ్లినప్పుడు చెప్పారు. మనిద్దరమే ఉన్నాం. ‘ధైర్యంగా చెప్పు, సైన్యం పంపే పూచీ నాది’ అన్నారు.”

“అన్నానేమో. అప్పటి పరిస్థితి వేరు.”

“ఖాన్ నా చెయ్యి పట్టుకుని, ఇది మీ నాన్న మాటేనా అని అడిగాడు. అవునన్నాను. అది నమ్మి కోట వదలకుండా కూర్చున్నాడు. రష్యా జార్ సైన్యం వచ్చింది. మనది రాలేదు. ఆయన్నీ, ఇద్దరు కొడుకుల్నీ...”

“తెలుసు. తెలుసు ఆంబ్రోస్. నాకు మాత్రం నిద్ర పడుతోందా?”

“అయితే రేపు ఉన్నదున్నట్టు చెప్పండి.”

“చెబితే నేనొక్కణ్ణే పోను. మంత్రివర్గమే పోతుంది. మీ అన్న రూపర్ట్ మొన్ననే పార్లమెంటులో అడుగుపెట్టాడు, వాడి గతేమిటి? మూడు తరాలుగా ఈ దేశం మన ఇంటి మాట వింది.”

“ఖాన్ కూడా విన్నాడు.”

“వెటకారం వద్దు.”

“ఆ దర్బారుకి నేను పోనన్నాను. గుర్రాలు పెంచుకుంటానన్నాను.”

“మన ఇంట్లో గుర్రాలు పెంచుకుని బతికినవాళ్లు లేరు.”

“లేరు. సరే, వచ్చిన పని చెప్పండి.”

“కుర్రతనం, అధికారం మించి మాట ఇచ్చాడు అంటే... జనం నాలుగు రోజులు తిడతారు, మర్చిపోతారు. మదీరా దీవిలో మంచి ఇల్లు చూస్తాను, కొన్నాళ్లు అక్కడ ఉంటే...”

“ఎవరు మించినట్టు?”

“ఆంబ్రోస్.”

“పిలుస్తున్నారా, జవాబు చెబుతున్నారా?”

“నన్నెందుకిలా... నువ్వు. నువ్వే మించినట్టు. అడుగుతున్నాను నాయనా. నోరు తెరిచి అడుగుతున్నాను.”

“నిన్న అమ్మ వచ్చింది.”

“ఇక్కడికా? నాతో చెప్పలేదే.”

“చెప్పదు. ‘ప్రాణం పోయినా మీ నాన్న నిన్నీ మాట అడగరు, అందుకే ఆయనకి తెలియకుండా నేనడుగుతున్నాను’ అంది. నమ్మాను. పొద్దున్నే ప్రధాని దగ్గరికి వెళ్లి, తప్పంతా నాదేనని ఒప్పుకుని వచ్చాను. మీరు అడగకుండా ఉండాల్సింది నాన్నగారూ.”