బూచి గేటు ముందు పన్నెండు వారాలు

అధ్యక్ష స్థానంలో ఉన్న పశువైద్యులు డాక్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ శిక్షణ కేంద్రంలో పనిచేసే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, గొలుసులు పట్టుకొని వెనక వరసల్లో కూర్చున్న మిత్రులకు, ఆ గొలుసుల రెండో చివర ఉన్న మిత్రులకు కూడా నా నమస్కారాలు. (నవ్వులు)

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన కుక్కల టీచరమ్మ గారి గురించి మాట్లాడడానికి ఇక్కడ చాలామంది తగినవాళ్లు ఉన్నారు. ఆవిడ దగ్గర శిక్షణ పొందిన కుక్కలు పోటీల్లో గెలిచాయి, చూపులేని వాళ్లను దారి నడిపించాయి. ఆ కుక్కల యజమానులను కాదని, కుక్కే లేని నన్ను, రిటైరైన ఒక పోస్ట్‌మాన్‌ని, మాట్లాడమన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు. నేను ఆవిడ శిష్యుణ్ణి. మా బ్యాచ్‌లో ఇద్దరమే. నేనొకణ్ణి, నన్ను కరిచిన కుక్క ఒకటి. (నవ్వులు)

పద్నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నా బీట్‌లో బట్టలు కుట్టే ఒకావిడ ఇల్లుండేది. టైలరమ్మ అనేవాళ్లం. ఆవిడ ఇప్పుడు మూడో వరసలో కూర్చొని, ఈయన ఎంతవరకు చెబుతాడో అని నన్నే చూస్తున్నారు. భయపడకండి, అంతా చెబుతాను. ఆవిడా, కూతురూ, ఒక గోధుమరంగు కుక్కా ఉండేవాళ్లు. కుక్క పేరు బూచి. చిన్నప్పుడు కుట్టుమిషన్ కింద దాక్కొని ఉన్నట్టుండి తల బయటపెట్టేదని ఆ పేరు పెట్టారట. పేరుకే బూచి గానీ, దానికి లోకంలో కనిపించినవన్నీ బూచులే. గొడుగు బూచి, చీపురు బూచి, మోటారు సైకిలు బూచి. అన్నిటికంటే పెద్ద బూచి, రోజూ పదకొండు గంటలకు భుజాన సంచి వేసుకొని వచ్చి, ఉత్తరాల డబ్బా మూత టపామని వేసి వెళ్లే నేను.

ఒక రోజు గేటు గడియ సరిగా పడలేదు. సంతకం పెట్టించుకోవాల్సిన కవరు ఒకటి ఉండి, నేను లోపలికి అడుగుపెట్టాను. కుక్క గోడకూ నా సైకిలుకూ మధ్య ఇరుక్కుంది. నాకది కనిపించలేదు. సంచి జారి దాని మీద పడింది. తర్వాతి క్షణంలో నా ఎడమ పిక్క దాని నోట్లో ఉంది. నాలుగు గాట్లు. ఇప్పటికీ ఉన్నాయి. చూపించమంటే చూపిస్తాను గానీ, మా ఆవిడ రెండో వరసలో కూర్చొని వద్దని తల అడ్డంగా ఊపుతోంది. (నవ్వులు)

కాలు పది రోజుల్లో మానింది. నేను మానలేదు. ఈ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇంత పెద్ద సభలో ఇప్పుడు చెబుతున్నాను. డ్యూటీలో చేరిన మొదటి రోజు ఆ వీధి మలుపు తిరగగానే నా అరచేతులు తడిసిపోయాయి. గేటు మీద చెయ్యి వేస్తే చెయ్యి ముందుకు కదలదు. ఏ ఇంట్లో కుక్క దగ్గినా సైకిలు దానంతటదే వెనక్కి తిరుగుతుంది. ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషిని. ఇంట్లో మా ఆవిడకు చెప్పడానికి సిగ్గు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ఆ వీధి ఉత్తరాలన్నీ మూల మీది కిరాణా కొట్టులో ఇచ్చి వచ్చేవాణ్ణి. సరుకులకు వచ్చినవాళ్లు తీసుకెళ్లేవారు. ఎవరైనా అడిగితే కాలు ఇంకా నొప్పిగా ఉందనేవాణ్ణి.

అలా మూడు వారాలు గడిచాయి. ఒకసారి కొట్టతను నాలుగు రోజులు ఊరెళ్లాడు. కొట్టు మూసి ఉంది. ఆ నాలుగు రోజులూ ఒక కవరు ఆ కొట్టు లోపలే పడి ఉంది. అది టైలరమ్మ గారి కూతురికి వచ్చింది. నర్సు శిక్షణకు ఇంటర్వ్యూ పిలుపు. కొట్టు తెరిచేసరికి ఆ తేదీ దాటిపోయింది.

క్షమించండి. కాస్త మంచినీళ్లు తాగుతాను.

టైలరమ్మ గారు ఆ కవరు మా ఆఫీసుకే ఆలస్యంగా వచ్చిందనుకున్నారు. నేను నోరు విప్పలేదు. అదే సమయంలో మా ఆఫీసులో, కుక్క మీద ఫిర్యాదు రాసివ్వు, మున్సిపాలిటీ వాళ్లు వచ్చి పట్టుకుపోతారు, పీడా పోతుంది అన్నారు. రాశాను. పట్టుకుపోయాక దాన్ని ఏం చేస్తారని నేనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. అందరికీ తెలుసు. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకొని తిరిగాను. ఇవ్వబుద్ధి కాలేదు. చింపబుద్ధీ కాలేదు.

అప్పుడు వచ్చారు మన టీచరమ్మ. కుక్కను పట్టుకుపోతారేమోనన్న భయంతో టైలరమ్మ గారు ఈవిడ దగ్గరికి పరుగెత్తారట. ఈవిడ కుక్కను చూడడం అయ్యాక, నేరుగా మా పోస్టాఫీసుకు వచ్చారు. టీ తాగే వేళ. గుమ్మం బయట తన ముసలి కుక్కను పడుకోబెట్టి లోపలికి వచ్చి, నాతో పని ఉందన్నారు. నేను చాలా ధీమాగా మాట్లాడాను. నాకు కుక్కలంటే భయమేమీ లేదనీ, విషయం ప్రజల భద్రతకు సంబంధించినదనీ ఏదేదో అన్నాను. ఆవిడ అంతా ఓపికగా విన్నారు.

"బయట నా ముసలిది పడుకుంది చూడండి. అది కళ్లు తెరిచిన ప్రతిసారీ మీరు మాట ఆపేస్తున్నారు" అన్నారు.

నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"భయం ఆ బూచిగాడికీ ఉంది, మీకూ ఉంది. వాడికి చెప్తే అర్థం కాదు. మీకైతే చెప్పొచ్చు కదా అని వచ్చాను."

అయ్యా, అమ్మా, నా భయాన్ని అంత మామూలుగా, కాలికి ముల్లు గుచ్చుకుంది అన్నంత మామూలుగా చెప్పిన మనిషి అంతకుముందు లేరు. వెక్కిరించలేదు, జాలి పడలేదు. రేపు పదకొండింటికి యూనిఫాంలోనే రండి, సంచి మాత్రం వద్దు అని చెప్పి వెళ్లిపోయారు.

మొదటి రోజు పాఠం ఏమిటో తెలుసా? వీధికి ఇవతలి వైపు నిలబడడం. అంతే. కుక్క వైపు చూడకూడదు, పక్కకు తిరిగి నిలబడాలి, ఉడికించిన కోడిమాంసం ముక్కలు గేటులోపల పడేలా విసరాలి, వాడు మొరిగేలోపే వెళ్లిపోవాలి. మొరిగాక వెళ్తే ఏమవుతుందని అడిగాను. "ఇన్నేళ్లుగా అదే అయింది. మీరు వస్తారు, వాడు మొరుగుతాడు, మీరు వెళ్తారు. మీరు వెళ్లేది మీ పని అయిపోయి. వాడేమో తన అరుపుకే మీరు పారిపోయారనుకుంటాడు. రోజూ గెలుస్తున్నాడు పాపం, రోజూ హడలిపోతూ" అన్నారు. ఆ మాట విన్నాక మొదటిసారి ఆ కుక్క నా కంటికి కుక్కలా కనిపించింది. అంతవరకు నాకు దాని పళ్లు మాత్రమే గుర్తుండేవి.

నా పాత సంచి ఒకటి అడిగి తీసుకెళ్లి దాని అన్నం గిన్నె పక్కన పెట్టించారు. ముక్క తినగలిగితే మేమున్న దూరం సరైనది. తినలేకపోతే మేం తొందరపడ్డట్టు. వాడు తిన్న రోజున ఒక అడుగు ముందుకు, లేని రోజున ఉన్నచోటే. ఐదో వారంలో నేను గేటుకు మూరెడు దూరందాకా వచ్చాక వాన పడింది, అలవాటుగా గొడుగు టప్పున తెరిచాను. వాడు కుట్టుమిషన్ కిందికి దూరి రెండు రోజులు బయటికి రాలేదు. నెలరోజుల కష్టం గొడుగు పాలైందని నేను విసుక్కుంటే, "ఎక్కడ నిలబడితే తిన్నాడో అక్కడికే పోదాం పదండి. అదేం నామోషీ కాదు" అని ఆవిడే ముందుగా వీధి దాటి ఇవతలికి వచ్చేశారు.

నాకూ పాఠాలు ఉండేవి. కుక్కలున్న ఇళ్లలో అన్నిటికంటే తేలికైన గేటు ఏది అని అడిగారు. ఒకచోట పళ్లూడిన ముసలి కుక్క ఒకటుంది అన్నాను. అయితే ఈ వారానికి అదొక్కటే, మిగతా ఉత్తరాలు తోటి పోస్ట్‌మాన్‌కు ఇవ్వండి, ఆ కొట్టులో మాత్రం వద్దు అన్నారు. కొట్టు సంగతి నేను చెప్పలేదు. నేను భయంతోనే అక్కడ ఇస్తున్నానని ఆ వీధిలో అందరికీ తెలుసట. తెలియదనుకున్నది నేనొక్కణ్ణే.

ఆరో వారంలో ఒక రోజు వీధి అంచున ఇద్దరం కూర్చొని ఉన్నాం. బూచి మా వైపు తిరిగి పడుకున్నాడు, కళ్లు సగం మూసి. ఎందుకో ఇక ఆపుకోలేక ఆ ఇంటర్వ్యూ కవరు సంగతి టీచరమ్మకు చెప్పేశాను. ఫర్వాలేదంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. తిట్టనూ లేదు. "నాకు చెప్పడం తేలికండీ. చెప్పాల్సింది లోపల ఉన్నావిడకి" అన్నారు. తొందరేం లేదు, కానీ చెప్పండి అని కూడా అన్నారు.

అప్పుడే లేచాను. కాసేపు ఆగితే మళ్లీ లేవలేనని తెలుసు. గేటు ఇవతల నిలబడి, మిషన్ తొక్కుతున్న టైలరమ్మ గారికి, ఆ కవరు నా భయం వల్లే ఆగిపోయిందని చెప్పాను. మిషన్ ఆగింది. చాలాసేపు ఆవిడ చేతిలోని గుడ్డకేసే చూశారు.

"మా అమ్మాయి మూడు రోజులు అన్నం ముట్టలేదు. మీకు తెలుసా?"

"తెలీదమ్మా."

"ఇప్పుడు తెలిసింది కదా" అని లేచి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు మా పోస్ట్‌మాస్టరు గారికి కూడా చెప్పాను. గట్టిగా చీవాట్లు పెట్టారు, నా సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం ఎర్రసిరాతో రాశారు. అది న్యాయమే. తర్వాత ఆయనే కూర్చొని, తప్పు మా ఆఫీసుదని ఒప్పుకుంటూ ఆ శిక్షణ సంస్థకు ఉత్తరం రాశారు. దాన్ని నేనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. నేను పంచిన ఉత్తరాలన్నిటిలోకీ బరువైనది అదే. ఆరు నెలల తర్వాత మొదలయ్యే బ్యాచ్‌లో అమ్మాయికి ఇంటర్వ్యూ అవకాశం ఇచ్చారు. తన తెలివితోనే సీటు తెచ్చుకుంది. కానీ ఆరు నెలలు ఆరు నెలలే. వాటిని నేను తిరిగి ఇవ్వలేను. ఈ సభలో మరోసారి క్షమాపణ అడుగుతున్నాను, తల్లీ.

నేను నిజం చెప్పిన తర్వాత వారం రోజులు టైలరమ్మ గారు నా ముఖం చూడలేదు. కుక్కకు పాఠం మాత్రం ఆపించలేదు. అది గమనించండి. నా మీద కోపం ఉండి కూడా గేటు దగ్గర కుక్కను విడిచిపెట్టి లోపలికి పోయేవారు. ఎనిమిదో రోజున ఒక స్టూలు తెచ్చి గేటు బయట వేశారు. "ఎంతసేపని నిలబడతారు, కూర్చోండి" అన్నారు. ఆవిడతో తర్వాత ఎన్నో మాటలు మాట్లాడాను గానీ, నాకు బాగా గుర్తున్న మాట ఇదే.

పన్నెండో వారం. సంచి భుజాన ఉంది, చేతిలో కరెంటు బిల్లు ఉంది. టీచరమ్మ గేటు తీసి పక్కకు జరిగారు. నేను లోపలికి వెళ్లి పక్కకు తిరిగి నిలబడ్డాను. నా గుండె చప్పుడు వాడికి వినిపిస్తుందేమోనని భయం. బూచి వచ్చాడు. సంచి వాసన చూశాడు, బూట్లు చూశాడు, వెనక్కి వెళ్లి ఎడమ పిక్క దగ్గర చాలాసేపు ఆగాడు. ఊపిరి వెచ్చగా తగులుతోంది. తర్వాత ఒళ్లు విదిలించుకొని, నా పాదం మీద కూర్చున్నాడు. ఎదురుగా కాదు, పాదం మీదే. ఇద్దరి వణుకూ ఒకేసారి తగ్గింది. టీచరమ్మ చప్పట్లు కొట్టలేదు, శభాష్ అనలేదు. "కదలకండి, వాడికి నచ్చినంతసేపు కూర్చోనివ్వండి" అన్నారు. ఆ రోజు మిగతా వీధుల ఉత్తరాలు ఇరవై నిమిషాలు ఆలస్యమయ్యాయి. అది కూడా నా తప్పే గానీ, దానికి మాత్రం క్షమాపణ చెప్పను. (నవ్వులు, చప్పట్లు)

ఫిర్యాదు కాగితం ఏమైందని అడుగుతారేమో. చింపేద్దామని ఇంటికెళ్లి వెతికితే, మా ఆవిడ దాన్ని చొక్కాతో పాటు ఎప్పుడో ఉతికేసింది. (నవ్వులు)

తర్వాత పన్నెండేళ్లు బూచి, నేను రోజూ పదకొండింటికి కలుసుకున్నాం. రెండేళ్ల కిందట ఒక ఉదయం టైలరమ్మ గారి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. మొదట మీకే చేస్తున్నానండీ, అమ్మాయికి ఇంకా చెప్పలేదు అన్నారు. వెళ్లాను. టీచరమ్మ కూడా వచ్చారు. ముగ్గురం కలిసి పెరట్లో గొయ్యి తవ్వాం. కరిపించుకున్న మనిషిని, నాకు ఏడవడానికి మొహమాటంగా ఉండి పార పట్టుకొని తవ్వుతూనే ఉన్నాను, అవసరమైన దానికంటే లోతుగా. టీచరమ్మ నా చేతిలోంచి మెల్లగా పార తీసుకొని గోడకు ఆనించారు. ఆ తర్వాత ఏడ్చాను.

ఎక్కువసేపు మాట్లాడానని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఈ అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు, నన్ను భరించిన మీ అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. టీచరమ్మ మోకాళ్లు అరిగిపోయాయి, వేరే ఊళ్లో అక్కగారింటికి వెళ్తున్నారు. మూడో అంతస్తు, కుక్కల్ని పెంచుకోనివ్వరట. పొద్దున లేస్తే ఏం చేస్తారని నిన్న బెంగగా ఫోన్ చేశాను. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మెట్ల కింద వాచ్‌మన్ పెంచుకునే కుక్క ఒకటి గోడకు అంటుకుపోయి కనిపించిందట. లిఫ్టు చప్పుడంటే దానికి భయమనుకుంటాను, కనుక్కోవాలి అన్నారు. గొంతులో ఎంత హుషారో. అందుకని ఆవిడ గురించి నాకు దిగులు లేదు. దిగులంతా ఇక్కడ మిగిలిపోతున్న మన గురించే.

సెలవు.