పలుపు ముక్క

అయ్యో, బొమ్మ అంత పొట్టిగానా పంతులుగారూ! మా ఇంటాయన గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందేనండీ. కాళ్ల దగ్గర ఇంకొన్ని మోదుగాకులు పెట్టించండి. అడివి నిండా మోదుగులే, ఆకుకు కరువా?

విసుక్కోకండి. అవ్, నిరుడే చెప్పిన్రు మీరు. శరీరం దొరక్కపోతే గిట్ల ఆకులతో మనిషిని చేసి దహనం చెయ్యాలని, లేకుంటే ఆ ప్రాణానికి దారి దొరకదని. నేనే ఇంకొన్నాళ్లు చూద్దామన్న. "గోదారి తీసుకున్నది తిరిగిస్తదా వదినా?" అని మా మరిది కసిరిండు. రాముడి మీద భారమేసి కూసున్న.

మొన్న మా మురళి, "అమ్మా, నాన్నకు నేను కొరివి కూడా పెట్టలే" అని పసిపిల్లగాని లెక్క ఏడ్చిండు. ఇంక కాదనలేకపోయిన.

ఆ వరద మీరూ చూసిన్రు గదా? ఊరంతా గుట్ట మీది బడికి ఎక్కినం. నీళ్లు మా వీధిలకొచ్చినయని తెలిసి ఆయన లేచిండు. "కొట్టంల బర్రెలు కట్టేసే ఉన్నయి, పలుపులు కోసి వస్త" అన్నడు. వద్దంటే నవ్విండు. "నోరులేనిదాన్ని కట్టేసి ముంచితే రాముడు నా మొహం చూస్తడానే?" అన్నడు. రాముడి పేరెత్తితే నా నోరు మూతపడుతదని ఆయనకు తెల్సు!

బర్రెలన్నీ వచ్చినయి. ఒక్కొక్కటే, ఈదుకుంటా. ఆఖరుకు మా కాటుక. మెడల పలుపు ముక్క, కొడవలితో కోసిన చోట నున్నగ ఉంది.

ఆయన రాలే.

ఆ ముక్క నేను తియ్యలేదండీ. "కంపు కొడుతున్నది అత్తమ్మా" అని కోడలు ముక్కు మూసుకునేది. ఎట్ల తియ్యను? ఆయన చెయ్యి ఆఖరుకు తగిలింది దానికేనాయె. అప్పట్నుంచి మా కొట్టంల దేన్నీ కట్టెయ్యం. పక్క చేలల్ల పడి మేస్తే తిట్లు తింటున్న గానీ, తాడు చేతిల పట్టలే.

ఇంకో మాట, నవ్వొద్దు. చినుకు పడితే చాలు, కాటుక మేత వదిలేస్తది. గుట్ట అంచుకు పోయి గోదారి దిక్కు మెడ చాచి అరుస్తది. నేనూ పోయి పక్కన నిలబడత. వీపు మీద చెయ్యేసి నీళ్ల దిక్కు చూస్త. "బర్రెకు పిచ్చి, నీకు భక్తి" అని పక్కింటి బుల్లెమ్మ ఎకసెక్కం.

ఇదిగో ఆ పలుపు ముక్క, కొంగున ముడేసి తెచ్చిన. పొద్దున్నే కాటుక మెడల నుంచి తీసిన. అది కదల్లే, నన్నే చూస్త నిలబడ్డది. బొమ్మ కుడిచేతిల పెట్టించండి. ఏంది, శాస్త్రంల లేదా? రాముడు ఏమనుకోడులెండి.

ఇన్నాళ్లు ఎందుకు ఆపినవంటరా? ఆయన రాడని ఆ రోజే తెల్సు పంతులుగారూ. కాటుకకు ఎట్ల చెప్పాల్నో తెలవక ఆగిన.

అగో, చినుకు. అరుపు వినబడుతున్నదా?

మీ మంత్రాలల్ల బర్రెకు చెప్పేదేమన్న ఉందా?

లేదులెండి. ఆకులు తడవకముందే కానియ్యండి.